లెక్కల ఆట కొనే ముందు

సంపాదకులకు,

ఒంటిపూట బడులు మొదలైతే చాలు, విజయవాడ, గుంటూరుల్లో పిల్లల లెక్కల యాప్‌ల గురించి ప్రచారం జోరందుకుంటుంది. చాలావాటిది ఒకటే అచ్చు. నాలుగు జవాబుల్లో సరైనది నొక్కితే కారు ముందుకు పోతుంది, లేకపోతే బెలూను పగులుతుంది. లెక్క తీసేసి అక్కడ జీకే ప్రశ్న పెట్టినా ఆటలో తేడా రాదు. కాజ టోల్‌ప్లాజాలో డబ్బు కట్టినట్టు పిల్లవాడు జవాబు చెప్పి కారు నడుపుకుంటాడు, అంతే.

ఇంతకంటే మేలైన ఆట 1986లోనే వచ్చింది. అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రం బడుల కోసం నెలకొల్పిన ఎంఈసీసీ సంస్థ ఆపిల్-2 కంప్యూటర్‌కు తయారుచేసిన నంబర్ మంచర్స్ అది. అడ్డంగా 6, నిలువుగా 5, మొత్తం 30 గడులు. పైన ‘7 గుణిజాలు’ అని ఉంటే, బాణం మీటలతో మంచర్ అనే బొమ్మను నడిపి, 7 గుణిజం ఉన్న గడిలో స్పేస్‌బార్ నొక్కి ఆ సంఖ్యను మింగించాలి. తప్పు సంఖ్య మింగితే ఒక ప్రాణం పోతుంది. కారణాంకాలు, ప్రధాన సంఖ్యలు, సమానం, అసమానం అనేవి మిగతా ఆటలు.

ట్రాగుల్ అనే శత్రువులూ ఐదు రకాలు. ఒకటి తిన్నగా పోతుంది, ఒకటి మనల్ని చూసి పారిపోతుంది, ఒకటి వెంటపడుతుంది, ఒకటి సంఖ్యల్ని తినేస్తుంది. ఐదోదే అసలు గడుసుది, అది నడిచిన గడిలో సంఖ్య మారిపోతుంది. 56 అనుకుని వెళ్లేసరికి అక్కడ 54 ఉండొచ్చు. ఎక్కం మళ్లీ మనసులో తిప్పుకోక తప్పదు. ఇందులో లెక్క తీసేస్తే ఆటే లేదు.

పాత పీసీల కోసం చేసిన దీని డాస్ వెర్షన్‌ను ఇంటర్నెట్ ఆర్కైవ్ వెబ్‌సైట్‌లో, బ్రౌజర్‌లోనే ఆడుకోవచ్చు. బడిలో పెద్ద టచ్ తెర మీద ఆడించాలంటే మాత్రం యూఎస్‌బీ కీబోర్డు తగిలించండి, బాణం మీటలు లేకుండా బొమ్మ కదలదు.

అదీ కుదరకపోతే సుద్దముక్క చాలు. బడి వరండాలో నాపరాళ్లుంటే గడులు గీసే పని కూడా ఉండదు. తొక్కుడుబిళ్ల ఆడే పిల్లలకు గడి గీత తొక్కకూడదని వేరే చెప్పాలా! 30 గడుల్లో 12 సరైనవి, 18 తప్పువి వేయండి. సరైనవి నాలుగైదే ఉంటే ఆట రెండు నిమిషాల్లో అయిపోతుంది, ఇరవై దాటితే గుడ్డిగా మింగినా నెగ్గుతారు. ఒకరు మంచర్, ఇద్దరు ట్రాగుల్స్. చప్పట్లు కొట్టినప్పుడల్లా అందరూ ఒక్కో గడి జరగాలి, లేకపోతే అది పరుగుపందెం అవుతుంది. ట్రాగుల్స్‌లో ఒకరికి తడిగుడ్డ, సుద్ద ఇచ్చి సంఖ్యలు మార్చనివ్వండి.

తప్పు సంఖ్యలు ఎంచుకోవడంలోనే ఉంది పనితనం. 6 గుణిజాలకు 16, 26, 46 తప్పకుండా వేయాలి, చివరి అంకె చూసి మింగేవాళ్లు అక్కడే దొరుకుతారు. 7కి 54, 27, 48 పెట్టండి. సరైనవాటిలో 91 ఉండాలి, పదో ఎక్కంతో ఆగినవాళ్లు 7×13ను గమనించరు. 12 కారణాంకాల ఆటలో 24, 36 వేస్తే, కారణాంకానికీ గుణిజానికీ తేడా తెలియనివాళ్లు ఎవరో బయటపడుతుంది. 1నీ 12నీ వదిలేసేవాళ్లూ ఉంటారు.

ప్రధాన సంఖ్యల ఆట అన్నిటికంటే చివరికి ఉంచండి. 51, 57, 87 మూడూ బేసి సంఖ్యలే, మూడూ 3తో భాగింపబడతాయి. అంకెల మొత్తం 3తో భాగింపబడుతుందేమో చూడమని ముందే చెప్పకండి, ఒకసారి ప్రాణం పోయాక చెప్పండి. 1ని మింగి గొడవపడేవాళ్లు ప్రతి తరగతిలో ఉంటారు. ప్రధాన సంఖ్యకు సరిగ్గా రెండు కారణాంకాలుండాలి, 1కి ఉన్నది ఒక్కటే. 2ను సరిసంఖ్య కదా అని వదిలేసిన పిల్లవాడికీ ఇదే జవాబు.

— ఒక గణిత ఉపాధ్యాయుడు, బ్రాడీపేట, గుంటూరు