వార్షిక నివేదిక: చెడిపోయిన కుండలు చెప్పిన సంగతులు

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మన కుండల తయారీ సంఘం నెలవారీ సమావేశాలకు బాగా వచ్చిన వస్తువులు వద్దు, పాడైనవే తెమ్మన్నాం. మొదట్లో అందరూ మొహమాటపడ్డారు. జూలై వచ్చేసరికి పెట్టడానికి బల్ల చాలలేదు.

అన్నిటికన్నా ఎక్కువగా వచ్చినవి పిన్‌హోల్స్. సూదితో పొడిచినట్టు గ్లేజ్ (కుండ మీది గాజులాంటి పూత) నిండా చిల్లులు. అందరం గ్లేజ్ రెసిపీనే తిట్టుకున్నాం. తీరా ఫైరింగ్ పుస్తకాలు (ఏ కుండ ఎలా కాల్చామో రాసుకునేవి) తెరిస్తే తప్పు బిస్క్ దగ్గరే, అంటే గ్లేజ్ వేయకముందు చేసే మొదటి కాల్పు దగ్గరే కనిపించింది. కరెంటు బిల్లుకు భయపడి 900 డిగ్రీల దగ్గరే ఆపేస్తున్నాం, అదీ హడావిడిగా. మట్టిలోని చెత్తాచెదారం, కార్బనేట్లు పూర్తిగా కాలకుండా మిగిలిపోతాయి. గ్లేజ్ కరిగే వేళకు అవి గ్యాసై పైకి తన్నుకొస్తాయి. 700 నుంచి 900 దాకా నిదానంగా ఎక్కించి, బిస్క్‌ను 1000 దాటించి, గ్లేజ్ ఫైరింగ్ చివర పావుగంట అదే వేడి మీద నిలిపినవాళ్లకు చిల్లులు బాగా తగ్గాయి. బిల్లు కాస్త పెరుగుతుంది, నిజమే. కానీ పారేసే కుండలకూ కరెంటు కాల్చాం కదా!

ఆగస్టులో వచ్చిన ఒక మగ్గు గురించి చెప్పాలి. పిడి పక్కన గ్లేజ్ వెనక్కి ముడుచుకుపోయి మట్టి బయటపడింది. ఆ మచ్చ మీద బొటనవేలు పెడితే అతికినట్టు సరిపోయింది. తలకు కొబ్బరినూనె రాసుకుని ఆ చేత్తోనే బిస్క్ అయిన మగ్గును ముట్టుకున్నానని తెచ్చినావిడే నవ్వేశారు. జిడ్డే కాదు, దుమ్ము ఉన్నా ఇంతే. పక్కన అపార్ట్‌మెంట్ కడుతుంటే చెప్పక్కర్లేదు. తడి స్పాంజితో తుడిచి, పూర్తిగా ఆరాకే గ్లేజ్‌లో ముంచండి. మందంగా పట్టించినా ముడుచుకుంటుంది: ఆరేటప్పుడే సన్నగా బీటలిస్తుంది, కుండలు కాల్చే కిల్న్‌లో ఆ బీటలే నోళ్లు తెరుస్తాయి. బోరు నీళ్లలోని కాల్షియం వల్ల గ్లేజ్ పెరుగులా బిగుస్తోందని కొందరన్నారు. ఆర్‌ఓ నీళ్లతో కలిపి చూడండి.

నవంబరులో సాలార్‌జంగ్ మ్యూజియంకి వెళ్లాం. విషం కలిపిన అన్నం పెడితే సెలడాన్ (లేత ఆకుపచ్చ గ్లేజ్ వేసిన చైనా పాత్రలు) పళ్లెం పగిలిపోతుందని పాతకాలం నమ్మకం. మన పళ్లేలు పప్పుచారుకే పగుళ్లిస్తున్నాయని ఒకరు జోకేశారు. చైనావాళ్లు కొన్ని రకాల్లో గ్లేజ్ మీద ఆ సన్నటి పగుళ్లను కావాలనే తెప్పించారు. మనకు మాత్రం అడక్కుండానే వస్తాయి. చల్లారేటప్పుడు మట్టికన్నా గ్లేజ్ ఎక్కువ కుంచించుకోవడమే కారణం. గ్లేజ్‌లో సోడియం, పొటాషియం ఎక్కువైతే ఈ గొడవ. అవి ఉండే ఫెల్డ్‌స్పార్ రాతిపొడి కొంచెం తగ్గించి, మెత్తటి క్వార్ట్జ్ పొడి పెంచి టెస్ట్ టైల్ (పరీక్ష కోసం చేసే చిన్న మట్టి పలక) కాల్చండి. దాన్ని రాత్రంతా ఫ్రీజర్‌లో ఉంచి, పొద్దున మరిగే నీళ్లలో వేస్తే బండారం బయటపడుతుంది. కళ్లకు అద్దాలు పెట్టుకోండి.

జమాఖర్చులు విడిగా జతచేశాం. చందా బాకీ ఉన్నవాళ్లు సభ రోజే కట్టేయండి. కిల్న్ వేడి కొలిచే సంఘం పైరోమీటర్ ఎవరింట్లో ఉందో కూడా దయచేసి చెప్పండి, మూడు నెలలుగా వెతుకుతున్నాం.

ఇట్లు,
కార్యదర్శి