గుమ్మం దగ్గర నేను కూర్చుంటాను

మల్లేశ్వరం, బెంగళూరు

చి.సౌ. అమ్మలుకి,

నాన్న ఆశీస్సులు. వచ్చే ఆదివారం మీ గృహప్రవేశం. ఫోన్‌లో చెబుదామంటే చిన్నోడి ఏడుపో, నీ ఆఫీసు మీటింగో అడ్డొస్తోంది. అందుకే కాగితం తీసుకున్నాను. తీరికగా చదివి అల్లుడికీ చూపించు.

నూరు మంది దాకా వస్తారన్నావు. ఈ ఊళ్ళో గృహప్రవేశానికి వచ్చేవాళ్ళలో చాలామంది చేతుల్లో బొకేలే ఉంటాయి. ఆ బొకేల గురించే ఈ ఉత్తరం.

ముందు మన పిల్లి జున్ను సంగతి చెప్పాలి. నేను రిటైరైన వారంలోనే అది పోయింది. అప్పుడు నువ్వు హాస్టల్లో ఉండి ఫైనల్ పరీక్షలు రాస్తున్నావు. ఏదో జబ్బు చేసిందని మాత్రం చెప్పాం. సన్మానం రోజు నాకు పెద్ద బొకే ఇచ్చారు. గులాబీరంగు లిల్లీలు, ఒక్కోటి అరచేయంత. మీ అమ్మ వాటిని వాజ్‌లో పెట్టి టీవీ పక్కన ఉంచింది. జున్ను వాటి పక్కనుంచే దూరి కిటికీ ఎక్కింది. వీపు మీద నారింజరంగు పొడి అంటుకుంటే దులిపాను కూడా. మిగిలింది అది నాకి శుభ్రం చేసుకుంది. రాత్రి వాంతి చేసుకుంటే బల్లిని తినిందేమో అనుకున్నాం. మర్నాడంతా నీళ్ళ గిన్నె దగ్గరే పడుకుంది. మూడో రోజు పొద్దున డాక్టర్ రక్తపరీక్ష చేసి, కిడ్నీలు పూర్తిగా పోయాయని చెప్పి, ‘ఇంట్లో లిల్లీలు ఉన్నాయా?’ అని అడిగాడు. ఆ ప్రశ్న ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

పిల్లులకు లిల్లీ అంత విషం. రేకు, ఆకు, కాడ, పుప్పొడి, ఆఖరికి అవి ఉంచిన నీళ్ళు కూడా. ఒంటి మీద రాలిన పుప్పొడిని నాకినా చాలు. 12 గంటల్లోపే వాంతులు, నీరసం కనిపిస్తాయి. ఒకటి నుంచి మూడు రోజుల్లో కిడ్నీలు ఆగిపోతాయి. 18 గంటలలోపు సెలైన్ మొదలుపెడితే బతికే అవకాశం బాగానే ఉంటుంది. మేము రెండు రోజులు పోగొట్టాం. పుప్పొడి కాడలు తుంచేసి ఉంచుకోవచ్చని ఎవరైనా చెబితే వినకు. దానివల్ల గోడకీ చీరకీ మరక పడకుండా ఉంటుందేమో, పిల్లికి రక్షణ ఏమీ లేదు. ఎత్తున పెట్టడం కూడా కుదరదు. మీ పిల్లి బూడిద ఫ్రిజ్ మీదికి ఎక్కడం నేనే చూశాను. బూడిద ఉన్నంతకాలం మీ ఇంట్లోకి లిల్లీ రాకూడదు.

ఇక్కడ ఒక తిరకాసు ఉంది. మన ఊళ్ళో దండల్లో గుచ్చే సన్నటి తెల్ల పూలను కూడా లిల్లీ పూలనే అంటాం కదా. కన్నడంలో సుగంధరాజ. అది వేరే జాతి, పిల్లుల కిడ్నీలు తీసేది అది కాదు. కానీ నువ్వు డెకరేషన్ అతనితో ‘లిల్లీ వద్దు’ అన్నావనుకో, అతను సుగంధరాజ తీసేసి అసలు లిల్లీ ఉంచేస్తాడు. ‘బొకేల్లో వచ్చే పెద్ద లిల్లీ, ఓరియంటల్, ఏషియాటిక్, ఏదీ వద్దు’ అని విడమరచి చెప్పు. ఫొటో చూపిస్తే ఇంకా మంచిది.

చిన్నోడు ఇప్పుడు ఏది దొరికినా నోట్లో పెట్టుకునే వయసు. ఆంథూరియం చూశావు కదా, తమలపాకంత ఎర్రగా ప్లాస్టిక్‌లా మెరుస్తూ మధ్యలో చిన్న కంకి ఉంటుంది. పచ్చి కంద తగిలితే ఎలా దురద పెడుతుందో, అది నమిలితే నోరంతా అలా మండి వాస్తుంది. రెండిట్లోనూ సూదుల్లాంటి ఒకే రకం స్ఫటికాలుంటాయి. పూజకు గన్నేరు తెస్తే వాటిని పళ్ళెంలో కింద పెట్టకండి. గన్నేరు పప్పు సంగతి మన పల్లెల్లో అందరికీ తెలుసు. పువ్వూ ఆకూ కూడా గుండె మీద పనిచేసే విషమే. అసలు గన్నేరు మానేసి మందారం తెచ్చుకోండి, దేవుడేమీ అనుకోడు.

పూలకన్నా నాకు ఎక్కువ టెన్షన్ వాటితో వచ్చే సరంజామా గురించి. బొకేల్లో గుండుసూదులు, తీగలు ఉంటాయి. కాడలు గుచ్చే ఆకుపచ్చ స్పాంజి ముక్క పొడిపొడిగా రాలుతుంది. గాజు వాజుల్లో రంగురంగుల జెల్లీ గోళీలు వేస్తున్నారు, అవి మాత్రం ఇంట్లో అడుగుపెట్టకూడదు. మింగితే కడుపులో నీరు పీల్చుకొని ఉబ్బి పేగుకు అడ్డం పడతాయి, ఎక్స్‌రేలో కూడా చాలాసార్లు కనపడవు. వాజ్ కింద గుడ్డ పరవకు, చిన్నోడు గుడ్డ లాగితే వాజ్ వాడి మీదే పడుతుంది. వాడు పువ్వు ఏదైనా నమిలితే వాంతి చేయించవద్దు. నోరు తుడిచి, ఆ పువ్వుతో సహా ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

మీ అత్తగారికి ఆయాసం. ఆవిడ పడుకునే గదిలో ఘాటైన వాసన ఉన్న పూలేవీ ఉంచకండి, మల్లెలైనా సుగంధరాజ అయినా. పుప్పొడి ఎక్కువగా ఎగిరేది గడ్డి నుంచీ చెట్ల నుంచీ, వాజ్‌లో పూల నుంచి తక్కువ. అయినా చామంతి కుటుంబంతో జాగ్రత్త. మీ అమ్మకు చామంతులు కట్టినప్పుడల్లా వేళ్ళు పగిలి దురద పెట్టేది గుర్తుందా? ఖాళీ స్థలాల్లో పెరిగే వయ్యారిభామ పడనివాళ్ళకు చామంతి కూడా పడకపోవచ్చట, రెండూ ఒకే కుటుంబం. చర్మం డాక్టర్ చెప్పేదాకా మాకు తట్టలేదు. చామంతి పిల్లికీ మంచిది కాదు. జెర్బెరా బూడిదకు ఇబ్బంది లేదు గానీ అదీ చామంతి కుటుంబమే కాబట్టి మీ అత్తగారికి దూరంగా ఉంచు. ముళ్ళు గీసేసిన గులాబీలు, ఆర్కిడ్లు అయితే ముగ్గురికీ పర్వాలేదు.

వాజ్ నీళ్ళు రెండు రోజులకోసారి పారబోసి, లోపలి గోడలు బ్రష్‌తో తోముతూ ఉండు. డెంగ్యూ దోమ గుడ్లు గోడకే అంటుకొని ఉంటాయి, నీళ్ళు మారిస్తే పోవు. ఆ నీళ్ళు బూడిద తాగకుండా చూడు.

హెబ్బాళలో వెటర్నరీ కాలేజీ ఆసుపత్రి ఉంది. అయినా రాత్రిపూట తెరిచి ఉండే క్లినిక్ మీ దగ్గర్లో ఏదో ఇప్పుడే కనుక్కొని నంబరు ఫ్రిజ్‌కు అంటించు.

నేనూ అమ్మా శనివారం సాయంత్రానికి వచ్చేస్తాం. కె.ఆర్. మార్కెట్ నుంచి గులాబీలు నేనే తెస్తాను, ఇంట్లో కూర్చుని ముళ్ళు గీసి మరీ. ఆదివారం గుమ్మం బయట నాకొక కుర్చీ, ఒక బల్ల వేయించు. వచ్చిన ప్రతి బొకే ముందు నా చేతికి ఇవ్వమను. విప్పి చూసి, పనికొచ్చేవే లోపలికి పంపిస్తాను. మిగతావి కార్లో పెట్టి సాయంత్రం మన ఇంటికి తెచ్చేసుకుంటాం. ఇక్కడిప్పుడు పిల్లి లేదుగా.

చిన్నోడికి ముద్దులు.

మీ నాన్న