పిక్క నొప్పి చెప్పినవాళ్ళనే లెక్కపెడితే ఎలా?

సంపాదకులకు నమస్కారం.

మీ ఆరోగ్యం పేజీలో కాళ్ళ ధమనులు పూడుకుపోయే జబ్బు (పెరిఫెరల్ ఆర్టీరియల్ డిసీజ్) గురించి రాస్తూ, పెద్దవాళ్ళలో ప్రతి ఐదుగురిలో ఒకరికి ఉంటుందని ఒక్క ముక్కలో తేల్చేశారు. ఏ వయసువాళ్ళలో, ఏ ఊళ్ళో, ఎలా చూసి లెక్కపెట్టారో లేదు. అది చదివి మా అపార్ట్‌మెంట్‌లో ఒకాయన టెన్షన్ పడిపోయాడు, ఇంకొకాయన ఇదంతా టెస్టుల వ్యాపారమండీ అని కొట్టిపారేశాడు.

ఆ ఐదుగురిలో ఒకరు అనే లెక్క నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్‌లో 55 దాటినవాళ్ళని పరీక్షించినప్పుడు వచ్చిన 19 శాతానికి దగ్గరగా ఉంది. అమెరికాలో 1999-2000లో చూస్తే 40 దాటినవాళ్ళలో 4.3 శాతం, అదే 70 దాటినవాళ్ళలో 14.5 శాతం. అంటే వయసు చెప్పకుండా శాతం చెబితే ఏమీ చెప్పనట్టే.

అంత దూరం ఎందుకు, మన చెన్నైలోనే టి.నగర్, తిరుమంగళం కాలనీల్లో 20 దాటినవాళ్ళని చూసి 2000లో ప్రచురించిన లెక్క ఉంది. మొత్తం మీద 3.2 శాతం, షుగర్ ఉన్నవాళ్ళలో 6.3 శాతం. చిన్న అంకెలా ఉంది కదా, కానీ ఇందులో ఇరవైల్లో ఉన్న కుర్రాళ్ళు కూడా కలిసి ఉన్నారు. పైగా షుగర్ చాలా ఏళ్ళుగా ఉన్నవాళ్ళలో కొందరికి ధమనులు గట్టిపడి, ఈ జబ్బు కోసం చీలమండ దగ్గర చూసే బీపీ ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది కాబట్టి, కొందరు లెక్కలోంచి జారిపోయి ఉండొచ్చు కూడా.

అసలు సంగతి నొప్పి దగ్గర ఉంది. నడుస్తుంటే పిక్కలు పట్టేయడం, కాసేపు ఆగితే తగ్గిపోవడం దీని గుర్తు అని అందరూ రాస్తారు, మీరూ రాశారు. నిజమే, కానీ రోటర్‌డామ్‌లో జబ్బు ఉందని తేలినవాళ్ళలో ఆ నొప్పి చెప్పింది నూటికి ఆరుగురే! కాలు నొప్పా అని అడిగి లెక్కపెడితే ఎక్కడైనా ఇది అరుదైన జబ్బులాగే కనిపిస్తుంది. మన ఇళ్ళలో మరీనూ, పెద్దవాళ్ళు వీధి చివరికి వెళ్ళాలన్నా ఆటో పిలుస్తారు, పిక్క పట్టేసేంత దూరం నడిస్తే కదా తెలిసేది. షుగర్‌తో నరాలు మొద్దుబారితే అసలే తెలియదు, తెలిసినా వయసు నొప్పులే అనుకుని ఏదో తైలం రాసేస్తారు. చివరికి బొటనవేలి మీద పుండు మానకపోతే అప్పుడు పరిగెడతారు.

కాలిదే కదా అనుకోవడానికీ లేదు. కాలి ధమనులు పూడుకున్నవాళ్ళకి గుండెపోటు, పక్షవాతం ముప్పు కూడా ఎక్కువ.

పరీక్ష పెద్దదేం కాదు. పడుకోబెట్టి చేతి దగ్గర, చీలమండ దగ్గర పై బీపీ చూసి, చీలమండ అంకెని చేతి అంకెతో భాగిస్తారు, 0.9 కన్నా తగ్గితే అనుమానించాలి. రక్తం పారే చప్పుడు వినిపించే చిన్న డాప్లర్ యంత్రం ఉంటే చాలు. ఇక్కడ మన తెలుగు సంఘాలు ఆదివారాలు పెట్టే ఉచిత శిబిరాల్లో షుగర్, బీపీ, బరువు అన్నీ చూస్తారు గానీ ఎవరి చెప్పులూ విప్పించడం నేను చూడలేదు. అందరికీ చేయమనడం లేదు, షుగర్ ఉన్న పెద్దవాళ్ళకి, పొగతాగేవాళ్ళకి చేస్తే చాలు, కనీసం పాదం మీద నాడి అయినా పట్టి చూడొచ్చు.

ఈసారి రాసేటప్పుడు శాతం పక్కన వయసు కూడా వేయండి. ఇంకో మాట, మీరు వేసిన బొమ్మలో కాలి మీద ఉబ్బిన నీలం గీతలు వెరికోస్ వీన్స్, అది సిరల జబ్బు. ధమనుల జబ్బులో కాలు పైకి మామూలుగానే కనిపించొచ్చు, దయచేసి బొమ్మ మార్చండి.

– ఒక పాఠకుడు, కోడంబాక్కం, చెన్నై