తడి గింజది కాదు, గచ్చుది

సంపాదకులకు,

వర్షాలకు గిడ్డంగుల్లో ధాన్యం బూజు పట్టిన సంగతిపై పది రోజుల క్రితం మీ పత్రికలో వచ్చిన వార్తకు ఎవరైనా వివరణ ఇస్తారేమోనని ఇన్నాళ్లు ఎదురుచూసి, ఎవరూ ఇవ్వనందున ఈ లేఖ రాస్తున్నాను. రైతులు సరిగా ఆరబెట్టలేదన్న అధికారుల మాటనే మీ విలేకరి యథాతథంగా రాశారు. తేమ 14 శాతం దాటిన వరి ధాన్యం నెలల తరబడి నిలవదని రైతుకు తెలియనిది కాదు. కానీ బాగా ఎండిన గింజ సైతం చుట్టూ ఉన్న చెమ్మను పీల్చుకుంటుంది. పై వరుసల బస్తాలు పొడిగా ఉండి, అడుగు వరుస మాత్రమే ముక్కిపోతే ఆ తప్పు కళ్లంలో జరిగిందని ఎలా అంటారు?

మా పొలంలోని గోదాములో జరిగింది అదే. దానిని అధికారులు ఇచ్చిన నమూనా ప్రకారమే కట్టాం. తనిఖీకి వచ్చినవారు పైకప్పు చూశారు, గోడల ఎత్తు కొలిచారు, తలుపులు పరిశీలించారు. గచ్చు కింద ఏం వేశారని ఒక్కరూ అడగలేదు. వత్తిలోకి నూనె ఎక్కినట్టు భూమిలోని నీరు కాంక్రీటులోని సన్నని రంధ్రాల గుండా పైకి ఎక్కుతుంది. దానిని ఆపాలంటే కాంక్రీటు పోయక ముందే మందపాటి పాలిథిన్ పట్టాను, అతుకుల వద్ద ఒకదానిపై మరొకటి వచ్చేలా పరిచి, గోడల అడుగున వేసే నిమ్ము నిరోధక పొరతో కలపాలి. గచ్చు పోశాక ఆ పని చేయాలంటే పగలగొట్టడమో, పైన మరో గచ్చు వేయడమో తప్పదు. మా నమూనాలో ఆ పట్టా ప్రస్తావనే లేదు.

గచ్చు మీద పాలిథిన్ ముక్క పరిచి, నాలుగు అంచులూ టేపుతో అతికించి, ఒక రాత్రి వదిలేసి చూస్తే చాలు. ఉదయానికి దాని అడుగున నీటి చుక్కలు నిలిస్తే నిమ్ము కింది నుంచే వస్తున్నట్టు. ఇంత సులువైన పరీక్ష తనిఖీ పత్రంలో ఎందుకు లేదు?

కిటికీలు ఎప్పుడూ తెరిచి ఉంచమనే సలహా కూడా సరికాదు. ముసురు పట్టిన రోజుల్లో బయటి తేమగాలి లోపలికి చేరి, రాత్రి చల్లబడిన రేకులకు తగిలి నీరై బస్తాల మీద రాలుతుంది. కప్పుకు చిల్లే ఉండనక్కరలేదు. పొడిగాలి ఉన్నప్పుడు తెరవాలి, మిగతా వేళల్లో మూయాలి. గింజల మధ్య గాలిలో తేమ 70 శాతం దాటితే బూజు పెరుగుతుంది. కొన్ని రకాల బూజు విడుదల చేసే అఫ్లాటాక్సిన్ అనే విషం వండినా పూర్తిగా పోదు. కాబట్టి ఇది రైతు నష్టంతోనే ఆగే విషయం కాదు.

రోడ్డయినా, కాలువయినా, గోదామయినా పైకి కనిపించే పనికే కొలతలు, ఫొటోలు, బిల్లులు. మట్టిలో కప్పబడిపోయే పనిని అడిగేవారు లేరు. పని చేయించేవారికి ఆ బాధ్యత ఏనాడు గుర్తుకొస్తుంది?

బస్తాల కింద చెక్క దిమ్మెలు వేసి, గోడకు రెండడుగుల ఎడం ఉంచి మేము ఈ ఏడాది నెట్టుకొస్తాం. ఇకపై కట్టే ప్రతి గోదాముకూ గచ్చు పోయక ముందే ఒక తనిఖీ జరపాలని, ముక్కిన ధాన్యానికి రైతును బాధ్యుణ్ణి చేసే ముందు నేలను పరీక్షించాలని సంబంధిత అధికారులను కోరుతున్నాను.

ఇట్లు,
ఒక రైతు