పుస్తకం పేరొక్కటే చెబితే సరిపోదు

సంపాదకులకు నమస్కారం.

‘తప్పక చదవాల్సిన తెలుగు పుస్తకాలు’ అంటూ పత్రికల సాహిత్య పేజీల్లో తరచూ జాబితాలు వస్తుంటాయి. పేరుంటుంది, రచయిత పేరుంటుంది, రెండు పొగడ్త మాటలుంటాయి. ఏ ముద్రణ కొనాలి, ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి, పక్కన ఇంకేం పెట్టుకోవాలి అన్నది మాత్రం ఉండదు. పాత పుస్తకాన్ని ముప్ఫయ్యో పేజీ దగ్గర మూసేసిన వాళ్లలో సగం మందిని ఓడించింది పుస్తకం కాదు, చేతికొచ్చిన ప్రతి అని నా అనుమానం.

‘కన్యాశుల్కం’ సంగతే చూడండి. ఆ పేరుతో ఉన్నవి రెండు నాటకాలు. 1892లో విజయనగరంలో ఆడి, 1897లో అచ్చయినది అయిదంకాలది. 1909లో గురజాడ దాన్ని దాదాపు తిరగరాసి ఏడంకాలు చేశారు. మనం గిరీశం అనీ మధురవాణి అనీ చెప్పుకునేదంతా ఈ రెండోదే. మొదటిసారి చదివేవారు 1909 పాఠమే తీసుకోవాలి. తొలి కూర్పు పోల్చి చూసుకునేవారికి పనికొస్తుంది కానీ ప్రవేశానికి కాదు. ఏ పాఠమో చెప్పని ముద్రణ చేతికొస్తే అంకాలు లెక్కపెట్టండి, తేలిపోతుంది. ఇంకో మాట. ఇందులో ఒక్కో పాత్రది ఒక్కో తెలుగు. బుచ్చమ్మ మాట వేరు, రామప్పంతులు మాట వేరు. ప్రూఫులు దిద్దేవారు పలుకుబడులను ‘సరిచేసి’ అందరి చేతా బడి తెలుగు మాట్లాడిస్తే నాటకం చచ్చిపోయినట్టే. కొనేముందు ఏ పేజీ అయినా తీసి నాలుగు సంభాషణలు పైకి చదివి చూడండి. పేర్లు మూసేసినా ఎవరి మాట ఎవరిదో తెలియాలి.

ఏనుగుల వీరాస్వామయ్య ‘కాశీయాత్ర చరిత్ర’ ఇంతకంటే నిర్లక్ష్యానికి గురైన పుస్తకం. ఆయన మద్రాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రెటర్. 1830 మే 18న బయల్దేరి కడప, హైదరాబాదు, నాగపూరు మీదుగా కాశీ చేరి, గయ, కలకత్తా, పూరీ జగన్నాథం చూసుకుని 1831 సెప్టెంబరులో ఇంటికొచ్చారు. మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్ళె ఆ రాతలను 1838లో అచ్చువేయించారు. కథలా మొదటి పేజీ నుంచి చివరిదాకా చదవబోతే మజిలీల వరసతోనే విసుగొస్తుంది. హైదరాబాదు భాగం ముందు చదవండి. తర్వాత మీ జిల్లా తగిలే చోటు వెతుక్కోండి. పక్కన దేశపటం ఉండి తీరాలి. ఆయన దూరాలు ఆమడల్లో, క్రోసుల్లో చెబుతారు. తేదీలకు సంవత్సరం పేరు గుర్తుపెట్టుకుంటే చాలు: 1830 ఉగాది నుంచి వికృతి, ఆ మరుసటిది ఖర. ఊళ్లో నీళ్లెలా ఉన్నాయి, బసకు చోటుందా, సామాను దొరుకుతుందా అన్న వివరాలే ఈ పుస్తకానికి ప్రాణం. ఈ పుస్తకం వేసేవారు పటం, పదాల పట్టిక లేకుండా వేయడం తాళంచెవి లేకుండా పెట్టె అమ్మడమే.

సురవరం ప్రతాపరెడ్డి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ (1949) గురించి మాత్రం కాస్త విస్తరించి చెప్పాలి. 1955లో తెలుగుకు మొదటి సాహిత్య అకాడెమీ బహుమతి దీనికే వచ్చింది. రాజుల పేర్లు అధ్యాయాల తలకట్లకే. లోపలున్నదంతా తిండి, బట్ట, ఆట, పన్ను, వ్యాపారం, జాతర. ఆయన పద్ధతి ఏమిటంటే కావ్యాలను జల్లెడ పట్టి, పద్యాల్లో ఇరుక్కున్న జనజీవితాన్ని బయటికి లాగడం. నిఘంటువులు ఆటల పేర్లకు ‘క్రీడావిశేషము’ అనీ, పిట్టల పేర్లకు ‘పక్షి విశేషము’ అనీ రాసి చేతులు దులుపుకున్నాయని ఆయన పడ్డ విసుగు ఈనాటికీ న్యాయమే. అయితే ఈ పద్ధతిలోనే ఒక ప్రమాదముంది. ‘క్రీడాభిరామం’ ఓరుగల్లు వీధుల్ని కళ్లకు కట్టిస్తుంది, నిజమే. కానీ ఓరుగల్లు పతనం 1323లో. ఆ కావ్యం అంతకు చాలా తర్వాతిది. దాన్ని కాకతీయుల కాలానికి నేరుగా సాక్ష్యంగా నిలబెట్టినప్పుడల్లా చదువరి ఒక్క క్షణం ఆగాలి. కవి చూసి రాశాడా, విన్నది రాశాడా, వర్ణన సంప్రదాయం కోసం రాశాడా? ఈ మూడు ప్రశ్నలతో చదివితే పుస్తకం విలువ తగ్గదు, పెరుగుతుంది.

ప్రతాపరెడ్డి పుస్తకంలోని పద్యాలు తెలియక చాలామంది వాటిని దాటేస్తారు. నిఘంటువు చూసినా మాట దొరకదు. కారణం చాలాసార్లు సంధే. పద్యంలో గ, స, డ, ద, వలతో మొదలైన మాట నిఘంటువులో క, చ, ట, త, పల కింద ఉండొచ్చు. ‘గదా’ కోసం ‘కదా’ దగ్గరా, ‘వోయి’ కోసం ‘పోవు’ దగ్గరా చూడాలి. పద్యాలకు బహుజనపల్లి సీతారామాచార్యుల ‘శబ్దరత్నాకరం’ (1885), వాడుక మాటలకు బ్రౌన్ తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు (1852). ఒక్కటే కొనగలిగితే బ్రౌన్ కొనండి. పండితులు ఒప్పుకోకపోవచ్చు.

నవలలూ కథలూ చెప్పడానికి ఇంత తతంగం అక్కర్లేదు. విశ్వనాథ ‘వేయిపడగలు’, అడివి బాపిరాజు ‘నారాయణరావు’ ఆంధ్ర విశ్వవిద్యాలయం పోటీలో బహుమతి పంచుకున్న నవలలు. ముందు ‘నారాయణరావు’ చదివితే ఆ కాలపు జమీందారీ వాతావరణం అలవాటవుతుంది, ఆ తర్వాత ‘వేయిపడగలు’ బరువు తెలియదు. దాన్ని ధర్మారావు కథగా కాక సుబ్బన్నపేట అనే ఊరి కథగా చదవాలి. ‘బారిష్టర్ పార్వతీశం’ మూడు భాగాలు. 1924 నాటి మొదటి భాగంతో మిగతా రెండూ తూగవు. మొగల్తూరు కుర్రాడు తనెంత నవ్వులపాలవుతున్నాడో తనకే తెలియకుండా చెప్పుకుపోవడంలో ఉంది అందం. అతనికి లోకం తెలిసేకొద్దీ మనకు నవ్వు తగ్గుతుంది. రావిశాస్త్రి ‘అల్పజీవి’ని మాత్రం ముక్కలుగా చదవొద్దు. సుబ్బయ్య భయం ఒక ఆలోచన నుంచి ఇంకో ఆలోచనకు పాకుతూ పోతుంది. మధ్యలో రెండు రోజులు ఆగితే ఆ తీగ తెగిపోతుంది. డాక్టర్ పి. శ్రీదేవి ‘కాలాతీత వ్యక్తులు’లో ఇందిరను చెడ్డదని తేల్చేసేవారిని చూస్తే జాలేస్తుంది. ఆ నవలలో కళ్లు తెరుచుకుని బతికేది ఆమే. చదివే తీరులో ‘అమరావతి కథలు’ ‘అల్పజీవి’కి తలకిందులు. నూరు కథలూ ఒక్క వారంలో పూర్తిచేస్తే అన్నీ ఒకే కథలా అనిపిస్తాయి, ఆ ముగింపుల తీయదనం వెగటు పుడుతుంది. రోజుకి రెండు చాలు. బాపు బొమ్మలు లేని ప్రతి తీసుకోకండి.

ఈ వరసలో వంట పుస్తకాలను ఎవరూ లెక్కలోకి తీసుకోరు. నిజానికి ముద్రణ లోపం వల్ల వెంటనే నష్టం కనిపించేది అక్కడే. పాత కొలతల్లో నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ. తూకాల్లో పలం అంటే మూడు తులాలు, సుమారు 35 గ్రాములు. వీశె 120 తులాలు, దాదాపు 1,400 గ్రాములు. ఇంతవరకూ పేచీ లేదు. పేచీ శేరుతో. కోస్తా కలిసి ఉన్న మద్రాసు ప్రెసిడెన్సీలో తూకపు శేరు 24 తులాలు, అంటే 280 గ్రాములు. హైదరాబాదు వైపు పక్కా శేరు 80 తులాలు, 933 గ్రాములు. కోస్తా పుస్తకంలో శేరు బెల్లం అని ఉంటే, తెలంగాణ లెక్కన వేసినవారి అరిసెల పాకం ఏమవుతుందో ఊహించుకోండి. పాత వంట పుస్తకం మళ్లీ వేసేవారు మొదటి పేజీలోనే గ్రాముల పట్టిక ఇవ్వాలి.

ఇక ప్రతిని ఎలా పరీక్షించాలో చెప్పి ముగిస్తాను. పుస్తకం సాధారణంగా 16 పేజీల ఫారాలుగా అచ్చవుతుంది. బైండింగులో ఒక ఫారం ఎగిరిపోతే సరిగ్గా 161 నుంచి 176 దాకా అన్నట్టు పోతుంది, లేదా రెండుసార్లు వస్తుంది. అంగట్లోనే పేజీల నంబర్లు చకచకా తిప్పి చూసుకోండి. లావు పుస్తకం కుట్టు బైండింగుదై ఉండాలి. వెన్నుకు జిగురు మాత్రమే పెట్టినది ఆరువందల పేజీలు దాటితే మధ్యలో విరుగుతుంది, పేజీలు ఆకుల్లా రాలతాయి. పద్యాలున్న పుస్తకమైతే ఒక పాదంలో అక్షరాలు లెక్కపెట్టండి. ఉత్పలమాలకు 20, చంపకమాలకు 21, శార్దూలానికి 19, మత్తేభానికి 20. లెక్క తప్పిందంటే ఎక్కడో అక్షరం పోయినట్టే. రెండు మూడు పద్యాల్లో తప్పితే ఆ ప్రతి అక్కడే పెట్టేయండి. పాత ప్రతుల్ని స్కాన్ చేసి కంప్యూటరుతో అక్షరాలుగా మార్చినప్పుడు ‘మ’ బదులు ‘వు’, ‘ప’ బదులు ‘వ’ పడటం మామూలు. డీటీపీ ఫాంటు నుంచి యూనికోడుకు మార్చినప్పుడు ఒత్తులు చోటు మారతాయి, అరసున్నలు మాయమవుతాయి. అక్షరం పక్కన పెట్టే సున్న (ం) బదులు అంకెల సున్నా (౦) టైపు చేసిన ఈ–పుస్తకాల్లోనైతే కంటికి అంతా బాగానే కనిపిస్తుంది, మాట వెతికితే మాత్రం దొరకదు.

పత్రికల్లో పుస్తక పరిచయం కింద వెల, పేజీలు, ‘ప్రతులకు’ అంటూ చిరునామా వేస్తుంటారు. మీరు దానికి ఇంకో రెండు పంక్తులు జోడించమని మనవి: తొలి ముద్రణ ఏ సంవత్సరం, ఈ ప్రతి ఏ ముద్రణ పాఠాన్ని అనుసరించింది, పదసూచిక ఉందా లేదా, బైండింగు కుట్టా జిగురా.

భవదీయుడు,
ఒక పాఠకుడు,
విజయనగరం