ఆ లాబ్రడార్ పిల్ల సంగతి

చిన్నా,

మీ ఫ్రెండ్ ఇస్తానన్న కుక్కపిల్లల వీడియో, నువ్వు పంపింది చూశాను. మీ నాన్న అయితే మళ్లీ మళ్లీ పెట్టించుకుని మరీ చూశారు. పిల్లలు ముద్దుగానే ఉన్నాయి, కాదనను. కానీ చివర్లో తేలిగ్గా ఒక మాట అనేసి వదిలేశావు చూడు, తల్లీ తండ్రీ ఒకే ఈతలో పుట్టినవని, నేను అక్కడే ఆగిపోయాను. ఫోన్లో చెబితే సగం విని "సరేలే అమ్మా" అంటావు కాబట్టి రాస్తున్నాను.

"మనవాళ్లలో మేనరికాలు లేవా, అమ్మమ్మది మేనరికమే కదా, మీరంతా బాగానే ఉన్నారుగా" అన్నావు. ఇంటర్ పిల్లలకి జువాలజీ చెప్పి రిటైరైన దాన్ని పట్టుకుని ఆ మాటంటే ఊరుకుంటానా, లెక్క విను. బావామరదళ్లకి పుట్టిన బిడ్డలో ఏ జన్యువు తీసుకున్నా, దాని రెండు కాపీలూ (అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి) ఒకే పూర్వీకుడి నుంచి దిగొచ్చినవి అయ్యే అవకాశం 6.25 శాతం. మేనమామకిచ్చి చేస్తే 12.5. తోబుట్టువులైన కుక్కలకి క్రాసింగ్ జరిగితే 25. అంటే కడుపుతో ఉన్నవాళ్లు వెళ్లగానే డాక్టరమ్మ "మేనరికమా?" అని అడుగుతుందే, ఆ బావామరదళ్ల సంబంధానికి ఇది నాలుగింతలు. అదీ ఆ రెండు కుక్కల అమ్మానాన్నలకి అసలు చుట్టరికమే లేదనుకుంటేనే.

దగ్గరి సంబంధం వల్ల కొత్త రోగమేదీ ఊడిపడదు, అది గుర్తుంచుకో. ప్రతి కుక్కలోనూ, మనలోనూ, దాగున్న లోపాలు కొన్ని ఉంటాయి, రెండో కాపీ బాగున్నంత కాలం అవి బయటపడవు. ఈ పిల్లలకి అమ్మవైపు తాతా నాన్నవైపు తాతా ఒకడే కదా. వాడిలో అలాంటి లోపం ఒక్కటి ఉంటే అది కొడుక్కీ కూతురికీ ఇద్దరికీ వచ్చి, వాళ్లిద్దరి నుంచీ మళ్లీ ఒకే పిల్లకి చేరడానికి 16లో 1 వంతు అవకాశం. బయటి కుక్కతో అయితే ఆ కుక్కలోనూ సరిగ్గా అదే లోపం ఉండాలి, అది అరుదు. ఇంకొకటి, దగ్గరి సంబంధాల్లో రోగనిరోధక జన్యువుల్లో తేడాలు తగ్గిపోతాయి, అసలే కుక్కపిల్లల ప్రాణాలు తీసే పార్వో వైరస్ మన వీధుల్లో ఎప్పుడూ ఉండేదే.

"డాక్టర్ చూసి అంతా బాగుందన్నారు" అని మీ ఫ్రెండ్ చెప్పాడన్నావు. నలభై అయిదు రోజుల పిల్లలో ఏం కనిపిస్తుందిరా? గుండె చప్పుడు, బొడ్డు దగ్గర ఉబ్బు, పళ్ల వరస, చప్పట్లు కొడితే తల తిప్పుతుందా లేదా, అంతవరకే. లాబ్రడార్లకి వచ్చే అసలు బాధలు ఆ వయసులో తెలియవు. తుంటి కీలు వదులుగా ఉందో లేదో ఎక్స్‌రేలో ఖాయంగా చెప్పాలంటే రెండేళ్లు నిండాలంటారు. రెటీనా మెల్లగా పాడయ్యే జబ్బు ఒకటుంది, అది పెద్దయ్యాకే బయటపడుతుంది, ముందు చీకట్లో తడబడటం మొదలై తర్వాత పగలు కూడా కనపడదు. అందుకే పిల్లని కాదు, దాని అమ్మానాన్నల్ని చూడు. ఆ వీడియోలోనే 0:40 దగ్గర తండ్రి కుక్క పడుకున్నచోటు నుంచి లేచి గేటు వైపు పరిగెత్తింది, వెనక కాళ్లు రెండూ ఒక్కసారే ఎత్తి కుందేలులా గెంతింది, గమనించావా? పరుగు హుషారులో ఒకసారి గెంతిందేమో, నేనేమీ తేల్చి చెప్పలేను. కానీ తుంటి నొప్పి ఉన్న కుక్కలు అలాగే గెంతుతాయి. రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీకి తీసుకెళ్లి ఒక ఎక్స్‌రే తీయించమను.

నీ పక్షాన కూడా ఒక మాట చెప్పాలి. పేపర్లున్న జాతికుక్కలేమీ దీనికి అతీతం కాదు. 2021లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వాళ్లు 227 జాతులని డీఎన్ఏతో లెక్కగట్టి చూస్తే పైన చెప్పిన ఆ రెండు కాపీల శాతం సగటున దాదాపు 25 తేలింది, అంటే తోబుట్టువుల పిల్లలతో సమానం. మూడు తరాల పెడిగ్రీ (వంశావళి) కాగితంలో ఇది కనపడదు. అలాగని ఉన్నదానికి ఇంకాస్త కలపడమేంటి? ఇంగ్లండ్‌లో జాతికుక్కల్ని నమోదు చేసే కెన్నెల్ క్లబ్ 2009 నుంచి తోబుట్టువులకి, తల్లీకొడుకులకి, తండ్రీకూతుళ్లకి పుట్టిన పిల్లల్ని రిజిస్టరే చేయడం లేదు.

ఇక నా మాట. "మాకు తెలియకుండా జరిగిపోయింది" అని మీ ఫ్రెండ్ అంటున్నాడు కదా, నమ్ముదాం. ఆడా మగా ఒకే ఇంట్లో తిరుగుతుంటే జరుగుతుంది మరి, కొంపల్లిలో అంత జాగా ఉన్నా వేరే గేటు పెట్టలేదు. ఆడది ఆరేడు నెలలకొకసారి హీట్‌కి వస్తుంది, మళ్లీ ఇదే జరుగుతుంది. కాబట్టి దానికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయిస్తాడా అని అడుగు. చేయిస్తే, పిల్లని ఊరికే ఇస్తే, తెచ్చుకో, రేపు దానికి ఏ మందులు వాడాల్సొచ్చినా నేనూ ఒక చెయ్యి వేస్తాను. పుట్టిన పిల్లది ఏం తప్పు? అలా కాకుండా బయటి రేటులో సగానికి ఇస్తానన్నాడంటే, ఆపరేషన్ మాటెత్తగానే నీళ్లు నమిలాడంటే, ఒక్క రూపాయి కూడా ఇవ్వొద్దు. ఈ ఈత అమ్ముడుపోతే వచ్చే ఈత "తెలియకుండా" జరగదు. ఇంకో సంగతి, 2017 నాటి కేంద్రం రూల్స్ ప్రకారం ఎనిమిది వారాలు నిండని పిల్లని అమ్మకూడదు, వాడు నలభై అయిదు రోజులకే తీసుకెళ్లమంటున్నాడు.

కోడలికి కుక్కే కావాలి, జాతి పట్టింపు లేదంటే జూబ్లీహిల్స్ బ్లూ క్రాస్‌లో ఒకసారి అడగండి, మన వీధికుక్క పిల్లలు దొరుకుతాయి. మీ నాన్నకి లాబ్రడారే కావాలట, ఆయన్ని అడగొద్దు.

ఆదివారం వచ్చేటప్పుడు ఆ రెండు కుక్కల కాగితాల ఫోటోలు తీసుకురా, ఉంటే. అప్పటిదాకా ఆ పిల్లకి పేరు పెట్టొద్దని కోడలికి చెప్పు.

అమ్మ