దవడ కట్టాక కూడా వైద్యం ఉంది

సంపాదకులకు,

గుట్కా వల్ల మా ఆయనకు కింది దవడ క్యాన్సర్ వచ్చింది. హైదరాబాదులో ఆ ఎముక తీసేసి, కాలి పక్క ఎముకను రక్తనాళాలతో సహా తెచ్చి కొత్త దవడ కట్టారు. ముఖం రూపం నిలిచింది, నడక కూడా బాగానే ఉంది. ఆ డాక్టర్లకు చేతులెత్తి దండం పెడతాను.

కానీ రేడియేషన్ తర్వాత నోరు బిగుసుకుపోయింది. మూడు వేళ్లు పట్టాల్సిన చోట ఒక్క వేలు దూరడం కష్టమైంది. జొన్నరొట్టె ఇష్టంగా తినే మనిషి ఏడాదిగా జావతోనే బతుకుతున్నాడు. నోరు తెరిచే వ్యాయామం మొదటి నుంచీ రోజూ చేయాలని మాకెవరూ గట్టిగా చెప్పలేదు. ఇప్పుడు ఐస్‌క్రీం పుల్లలు పేర్చి పళ్ల మధ్య పెట్టిస్తున్నాను. రెండు పుల్లలు పెరిగాయి.

ఈ వ్యాయామాలు, మాట సరిచేసే శిక్షణ జిల్లా ఆసుపత్రుల్లోనే వారానికోరోజు ఇప్పించండి.

- ఒక గృహిణి, మిర్యాలగూడ మండలం, నల్లగొండ జిల్లా